వెలుగు గింజల లెక్క



మా పెదపారుపూడిలో సాయంకాలము అరుగుమీద కూర్చుండి వార్తాపత్రిక చదివి వినిపించుట, బడిపని విరమించిన నాటినుండియు నాకు నిత్యకృత్యమైనది. ఆ నడుమ ఒకనాడు, శాస్త్రజ్ఞులు వెలుతురును పదార్థముతో జతపరచి గడ్డకట్టించిరని ఒక చిన్న వార్త చదివితిని. వినుచున్న వృద్ధకర్షకు డొకడు, "పంతులుగారూ, వెలుతురు గడ్డకట్టడమేమిటండీ? చూసినవాడెవడు? లెక్కపెట్టినవాడెవడు?" అని అడిగెను. చుట్టునున్నవారు నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. ప్రమాణము చూపనిదే ప్రమేయమును ఒప్పుకొనరాదని తర్కశాస్త్రము చదివిన నాడు మా గురువులు మాకు చెప్పిన మాటనే, బడికి పోని ఆ పెద్దమనిషి తన భాషలో అడిగినాడు. నా డాయనకు నేను తృప్తిగా సమాధానము చెప్పలేకపోయితిని. పిమ్మట కొంత చదివి, తెలిసినవారిని కొంత అడిగి గ్రహించిన దానిని నేడు మనవిచేయుచున్నాను.

ఆయన అడిగిన రెండు ప్రశ్నలకును సమాధాన మొక్కటే. ఈ విషయమున చూచుట యనగా లెక్కించుటయే.

వెలుతురు నీటివలె ఎడతెగని ధారగా ప్రవహించునని మనకు తోచును. కాని గ్రహింపబడునపుడు అది గింజలు గింజలుగానే గ్రహింపబడునని 1905వ సంవత్సరమున ఐన్‌స్టైన్ ప్రతిపాదించెను. ఆ గింజకు ఫోటాను అను పేరు 1926 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినది. పచ్చని వెలుతురు ఒక్క వాటు శక్తిగల దైనయెడల, అందులో సెకనునకు వెడలు ఫోటానుల సంఖ్య 28 వ్రాసి దాని ప్రక్కన 17 సున్నలు చేర్చినంత యగును. ధాన్యపురాశిని దూరమునుండి చూచినవానికి గింజ కనబడునా? వెలుతురు విషయమున మనమందరమును దూరమునుండి చూచువారమే.

గింజలున్నవని యొప్పుకొన్న పిమ్మట, అవి ఎట్టి అమరికతో వచ్చుచున్నవి అను ప్రశ్న పుట్టును. దీనికి మన పొలములనుండియే ఉదాహరణములు తీసికొందము. త్రాడు పట్టి వరుసలుగా నాటిన వరిచేనున్నది. అందొక కుదురు ప్రక్కనే మరియొక కుదురుండదు. నియమితమైన ఎడము విడిచియే రెండవది నిలుచును. వెదజల్లిన చేనున్నది. అందు చేతినుండి జారిన గింజకు ముందు పడిన గింజతో సంబంధము లేదు. దాని చేరువకు రాదు, దానినుండి తొలగను తొలగదు. ఇక కోతలైన పిమ్మట చేలలో దిగు పిట్టలను చూడుడు. ఒకటి దిగినచోట పది దిగును. లేనిచోట ఒక్కటియు లేదు. ఎకరమునకు సగటున ఎన్ని యని అడిగినయెడల మూడింటికిని ఒకే సంఖ్య రావచ్చును. సగటు చెప్పినంతమాత్రమున అమరిక చెప్పినట్లు కాదు. ఫోటానుల గణితమున ముఖ్యమైనది సగటు కాదు, ఈ అమరికయే.

దీనిని కనుగొను యుక్తి యెంతో సులభమైనది. కాలువను రెండుగా చీల్చి, రెండు పాయలవద్దను ఇద్దరు కాపరులను నిలిపితి మనుకొనుడు. నీటిలో కొట్టుకొనివచ్చు కొబ్బరికాయ తనయొద్దకు వచ్చినప్పుడెల్ల కాపరి గంట కొట్టవలెను. రెండు గంటలును ఒకే క్షణమున మ్రోగిన సందర్భములను మూడవవాడు వ్రాసికొనవలెను. వెలుతురు విషయమున కాలువ చీలిక బదులు, సగము పోనిచ్చి సగము మరల్చు అద్దము. కాపరుల బదులు, ఒక్క ఫోటాను తాకినను సంకేతమిచ్చు గణకయంత్రములు. క్షణ మనగా ఇక్కడ రెప్పపాటు కాదు. సెకనులో నూరుకోటవ వంతు, లేక అంతకంటెను చిన్నది.

పది లక్షల క్షణములు పరిశీలించితి మనుకొందము. ఒక్కొక్క కాపరి పదివేల సార్లు గంట కొట్టెను. అనగా నూరు క్షణములకు ఒకసారి. ఇద్దరి గంటలకును పరస్పరసంబంధము లేనియెడల, రెండును కలిసి మ్రోగుట నూరింట నూరవ వంతు, అనగా పదివేల క్షణములకు ఒకసారి జరుగవలెను. పది లక్షల క్షణములలో నూరు సార్లు. ఇది కేవల యాదృచ్ఛికమునకు రావలసిన సంఖ్య. నిజముగా వ్రాసికొనిన సంఖ్యను దీనితో భాగించిన వచ్చునదే శాస్త్రజ్ఞులు వెదకు నిష్పత్తి. నూరు మ్రోగిన నిష్పత్తి ఒకటి: వెదజల్లిన చేను. ఇన్నూరు మ్రోగిన రెండు: పిట్టల గుంపు. నూటికంటె తక్కువ మ్రోగిన, త్రాడు పట్టి నాటిన చేను. మంచి లేసరుదీపము ఒకటి నిచ్చును. వడియగట్టి శుద్ధిచేసిన సామాన్యదీపపు వెలుతురు, తగినంత చిన్న క్షణములలో కొలిచినయెడల, రెండు నిచ్చును. ఒంటరి పరమాణువు వెలువరించు వెలుతురు ఒకటికంటె తక్కువ నిచ్చును. ఏలయనగా ఒక ఫోటానును విడిచిన పరమాణువు మరల శక్తి గ్రహించువరకు రెండవదానిని విడువజాలదు. ఈ చివరిదానిని 1977లో కింబల్, డాగెనై, మాండెల్ అనువారు సోడియము పరమాణువులతో చూపిరి.

ఈ గంటల యుక్తిని మొదట ప్రయోగించినవారు 1956లో హాన్‌బరీ బ్రౌన్, ట్విస్ అను ఇద్దరు. హాన్‌బరీ బ్రౌన్ 1916లో మన దక్షిణదేశముననే, నీలగిరులలోని అరువంకాడులో జన్మించినవాడు. ఆయన పాదరసదీపపు వెలుతురును రెండుగా చీల్చి, గింజలు గుంపుగా వచ్చుచున్నవని ప్రకటింపగా పెద్ద పెద్ద విద్వాంసులే నమ్మలేదు. వేరువేరు పరమాణువులనుండి బయలుదేరిన ఫోటానులు, ముందుగా మాట్లాడుకొనినట్లు, జతగా వచ్చుట యెట్లు సంభవమని వారి యాక్షేపణ. కొందరు ప్రయోగము చేసి, అట్టిదేమియు కనబడలేదనికూడ వ్రాసిరి. వారు లెక్కించిన ఫోటానులు చాలలేదనియు, గుంపుకట్టుట కనబడియే తీరవలెననియు పర్సెల్ అను పండితుడు వెంటనే సమర్థించెను. పిమ్మట హాన్‌బరీ బ్రౌన్ ఆస్ట్రేలియాలో నారాబ్రై అను చోట ఇదే యుక్తితో 32 నక్షత్రముల వ్యాసములను కొలిచినాడు. యుక్తి సులభమైనను దానిని నమ్మించుట సులభము కాలేదు.

ఫోటానులు ఎందుకు గుంపుకట్టును? సమాధానము 1924లో ఢాకానగరమున సత్యేంద్రనాథ బోసు వ్రాసిన చిన్న వ్యాసమునందున్నది. రెండు చెంబులు, రెండు నాణెములు తీసికొనుడు. నాణెములలో ఒకటి రాగిది, ఒకటి వెండిది. చెంబులలో వేయు విధములు నాలుగు. అందు రెండు విధములలో నాణెములు ఒకే చెంబులోనుండును. అనగా సగము. ఇప్పుడు నాణెములను విడిచి, ఇద్దరు ఆసాముల పద్దులలో రెండు రూపాయలు జమకట్టవలెననుకొనుడు. పద్దులోని రూపాయికి ముఖము లేదు. ఇది ఫలానా రూపాయి యని చెప్పుటకు వీలులేదు. కనుక విధములు మూడే: రెండును మొదటివానికి, చెరియొకటి, రెండును రెండవవానికి. మూడింట రెండు విధములలో రూపాయలు ఒకే పద్దులో చేరినవి. ఎవరును ఆకర్షింపకయే, ఏ బంధమును లేకయే, పోలిక తెలియరాని వస్తువులు నాణెములకంటె ఎక్కువగా ఒకచోట చేరుచున్నవి. ఫోటానులు పద్దులోని రూపాయలు. బోసు చేసిన గొప్పపని ఇంతే; ఇంత మాత్రమే యని చులకనచేయరాదు. ఐన్‌స్టైన్ ఆ వ్యాసమును తానే జర్మనుభాషలోనికి మార్చి అచ్చువేయించెను.

ఇక్కడ మన మండలపు వానిని ఒకరిని తలవకుండ ముందునకు పోవుటకు నాకు మనసొప్పదు. ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారు కలకత్తా చేరి రామనుగారియొద్ద పరిశోధనచేసిరి. బోసు లెక్కలో సరియైన ఫలితము వచ్చుటకు ఒకచోట రెండుతో గుణింపవలసివచ్చినది. ఆ రెండు ఎక్కడిది? ఫోటానుకు బొంగరమువలె ఆత్మభ్రమణ మున్నదనియు, అది కుడివైపునకో యెడమవైపునకో రెండు విధములుగా నుండవచ్చుననియు బోసు భావించినట్లు, తమకు ఆయననుండియే తెలిసినదని రామను భగవంతములు 1931లో వ్రాసిరి. వ్రాసి యూరకుండక, ద్రవములయందును వాయువులయందును చెదరిన వెలుతురును పరీక్షించి, ఆ భ్రమణమునకు ప్రయోగసాక్ష్యము చూపిరి. అప్పటికి భగవంతముగారి వయస్సు ఇరువదిరెండేండ్లు. గింజను కంటితో చూచిరా? లేదు. అది విడిచిపోయిన గుర్తునుబట్టి అనుమానప్రమాణముచేత సాధించిరి. పొగనుబట్టి నిప్పును తెలిసికొను పద్ధతియే యిది, వ్యాప్తిగ్రహణము మాత్రము గణితముతో జరిగినది. పిమ్మట ఆయన వాల్తేరులో ఆచార్యులై, వెంకటరాయుడుగారితో కలిసి స్ఫటికములకును అణువులకును గణసిద్ధాంతమును అన్వయించు గ్రంథమును వ్రాసిరి.

మరి గడ్డకట్టుట మాట. బోసు లెక్కను ఐన్‌స్టైన్ పరమాణువులకు అన్వయించి, తగినంత చల్లబరచినచో అవి లెక్కకు మిక్కిలిగా ఒకే స్థితిలో, అనగా ఒకే పద్దులో, చేరిపోవునని 1925 నాటికే చెప్పెను. ఇది మంచుగడ్డవలె గట్టిపడుట కాదు. పత్రికవారు గడ్డ యనిరి గాని, అందరును ఒకే తాళమున అడుగువేయు కోలాటమనిన సరిపోవును. రుబిడియము పరమాణువులతో దీనిని సాధించుటకు 1995 వరకు పట్టినది. పరమశూన్యమునకు పైన ఒక డిగ్రీలో కోటవవంతులు రెండింటికి మించని చలి కావలసివచ్చెను. వస్తువు బరువు తగ్గినకొలది ఈ చలి యంతగా అవసరము లేదు. కనుక తేలికవస్తువును వెదకవలెను. వెలుతురుకంటె తేలికయైనది ఏది? కాని ఫోటానులు ఒకదానితో నొకటి దాదాపు పలుకరించుకొనవు. పైగా పదార్థమును తాకి మాయమైపోవును. అందుచేత వెలుతురును పదార్థముతో ముడివేయవలసివచ్చినది.

ఈ ముడిని గ్రహించుటకు ఒకే త్రాటికి రెండు ఉయ్యాలలు కట్టి చూడుడు. ఒకదానిని ఊపి విడిచిన కొంతసేపటికి అది నిలిచి రెండవది ఊగును, మరల మొదటిది. ఊపు ఇటునటు మారుచుండును. కాని రెండింటిని ముందే ఒకేవైపునకు ఊపినను, ఒకదాని కొకటి ఎదురుగా ఊపినను, ఆ జంట ఊపులు మారక నిలుచును. వాని వేగములు మాత్రము కొంచెము వేరు. ఒక వేగము రెండుగా చీలినది. రెండు అద్దముల నడుమ బంధింపబడిన వెలుతురు ఒక ఉయ్యాల, అందలి పరమాణువులు రెండవ ఉయ్యాల. 1984లో గిరీశ్ అగర్వాలుగారు హైదరాబాదు విశ్వవిద్యాలయమున నుండి వ్రాసిన వ్యాసమున, అద్దముల నడుమనున్న పరమాణువుల శోషణరేఖ ఈ విధముగనే రెండుగా చీలునని చూపిరి. పరమాణువులు నాలుగు రెట్లయిన చీలిక రెండు రెట్లగును. 1992లో వైస్‌బుష్ అను ఫ్రెంచి పండితుడును ఆయన జపాను సహచరులును అర్ధవాహకపు పలుచని పొరను అద్దముల నడుమనుంచి ఈ చీలికను కనిరి. అట్లు పుట్టిన జంటవస్తువునకు పోలరిటాను అని పేరు. సగము తేజస్సు, సగము ద్రవ్యము, మనవారు అర్ధనారీశ్వరమనెడివారు. దాని బరువు ఎలక్ట్రానులో పదివేలవ వంతునకు మించదు. రుబిడియము పరమాణువుకంటె వందకోట్ల రెట్లకు మించి తేలిక. కనుకనే 2006లో ఫ్రాన్సు, స్విట్జర్లండు దేశముల పరిశోధకులు పరమశూన్యమునకు కొన్ని డిగ్రీలు పైననే దానిని ఏకస్థితికి తేగలిగిరి. తరువాతి యేండ్లలో వేరు పదార్థములతో గదివేడిమిలోనే చేసిరి.

ఇక అసలు చిక్కునకు వచ్చితిమి. పోలరిటాను ఆయువు సెకనులో లక్షకోటవ వంతులు కొన్ని మాత్రమే. ఆపైన అద్దమును దాటి ఫోటానుగా బయటపడును. ఇది దోషమే, ఉపకారము కూడ. బయటపడిన ఫోటాను లోపలి సమాచారమును మోసికొనివచ్చును. దానిని లెక్కించిన లోపలివానిని లెక్కించినట్లే. కాని కాపరి నిదానస్థుడైనచో లెక్క చెడును. గుంపు ఒక్క లిప్త మాత్రమే యుండి, కాపరి నూరు లిప్తలను కలిపి ఒకటిగా వ్రాసినయెడల, ఆ యొక్క లిప్తలో నిష్పత్తి రెండైనను, తక్కిన తొంబదితొమ్మిదిటిలో ఒకటి గనుక, సగటు 1.01 అని తేలును. పిట్టలగుంపు వెదజల్లిన చేనువలె కనబడును! నిజముగా స్థిరమైన వెలుతురా, లేక గడియారము మొద్దుదా? ఈ సందేహము తీరనిదే ఏకస్థితి వచ్చినదని చెప్పుట సాహసమే. పద్దు వ్రాయు పద్ధతి తెలియక, పద్దులోని మొత్తమును మాత్రము నమ్ముట వంటిదది. ఈ రంగమున నా దృష్టికి అన్నిటికంటె మెచ్చదగిన పని ఇక్కడ జరిగినది.

స్టాన్‌ఫర్డులో 2002లో చేసిన ప్రయోగమున, పోలరిటానులు పోగుపడు హద్దునొద్ద నిష్పత్తి ఒకటికంటె చాల హెచ్చి, హద్దు దాటినకొలది క్రమముగా తగ్గుట కనబడెను. తరువాత జర్మనీలోని డార్ట్‌మండ్ పరిశోధకులు వేగముగా జరుగు తెరగల కెమెరాను వాడిరి. కదలుచున్న బట్టపై చుక్కలు పడినయెడల, ఏ చుక్క ముందు పడెనో ఏది వెనుక పడెనో బట్టమీది దూరమునుబట్టి తెలియును గదా. ఆ కెమెరాలో ఫోటాను మొదట ఎలక్ట్రానును లేపును. ఆ ఎలక్ట్రానును విద్యుత్తు అతివేగముగా ప్రక్కకు లాగును. కాలభేదము స్థలభేదముగా తెరమీద కనబడును. ఇట్లు సెకనులో లక్షకోటవ వంతుల మేరకు అమరికను చదువవచ్చును. 2018లో మరియొక జర్మను బృందము వేరొక దారి పట్టెను. మిక్కిలి చల్లనిదైన ఒక లోహపుపొరపై ఫోటానులు పడినప్పుడు కలుగు ఇసుమంత వేడినిబట్టి, వచ్చినవి ఒకటా, రెండా, ఐదా అని నేరుగా లెక్కించిరి. హద్దునకు దిగువ గుంపు లక్షణము, ఎగువ వెదచేని లక్షణము వారి లెక్కలో తేటపడినది.

ఇంతవరకు విన్నవారు, ఏకస్థితి వచ్చినచో నిష్పత్తి ఒకటి కావలెను, రానిచో రెండు కావలెను అని నియమము చేసికొనవచ్చును. నేనును అట్లే అనుకొంటిని. అది తప్పు. జర్మనీలోని బాన్ నగరమున వైట్జ్ బృందమువారు 2010లో రంగుద్రావణముతో నింపిన రెండు వంపు అద్దముల నడుమ వెలుతురునే గదివేడిమిలో ఏకస్థితికి తెచ్చిరి. సుమారు 77 వేల ఫోటానులు చేరిన పిమ్మట అవి అడుగుస్థితిలో పోగుపడినవి. వారే 2014లో ఆ పోగులోని ఫోటానులను లెక్కింపగా, కొన్ని సందర్భములలో నిష్పత్తి సామాన్యదీపపు నిష్పత్తివలె ఒకటికి మించి రెండు వైపునకే యున్నది! ఏకస్థితియున్నది, స్థిరత్వము లేదు. ఎందువలన? రంగు అణువులు ఫోటానులను మ్రింగుచు, మరల విడుచుచు నుండును. అవి ఫోటానులకు గాదెలు. మన కొల్లేటితో కలిసియున్న చిన్న మడుగును తలచుకొనుడు. మడుగులో నీరు పెరిగినను తరిగినను కొల్లేటికి లెక్క లేదు. కనుక మడుగులోని మట్టము ఇష్టము వచ్చినట్లు ఊగును. అదే మడుగును గట్టువేసి విడదీసినయెడల మట్టము నిలుచును. గాదె పెద్దదైనపుడు ఫోటానుల సంఖ్య తన మొత్తమంతటి మేరకే ఊగినది. చిన్నదైనపుడు ఊగిసలాట అణగినది. అందరును ఒకే పద్దులో నున్నారా యనునది ఒక ప్రశ్న. ఆ పద్దులో ఎందరున్నారను సంఖ్య నిలుకడగా నున్నదా యనునది వేరొక ప్రశ్న. లెక్కించనిదే ఈ భేదము బయటపడెడిది కాదు.

ఈ మాటలన్నియు కొబ్బరికాయలు, కాపరులు, మడుగులుగా మార్చి, మొన్న మా వృద్ధమిత్రునకు చెప్పితిని. చాలసేపు ఊరకుండి ఆయన, "బాగానే ఉందండీ. కానీ ఆ తూములకాడి కాపరులు ఒకడి గంట విని ఇంకొకడు కొట్టకుండా చూసుకోవాలి గదండీ" అనెను. నేను తెల్లబోయితిని. ప్రయోగశాలలలో ఇది నిజముగా సంభవించు దోషమే. కొన్నివిధముల గణకయంత్రములు ఒక ఫోటానును పట్టినపుడు తామే చిన్న మెరుపును విడుచును. అది అద్దముగుండ రెండవ యంత్రమునకు చేరి, లేని జంటను ఉన్నట్లు చూపును. అందుకే రెండు యంత్రముల నడుమ ఆ మెరుపును అడ్డగించు వడపోతగాజు నుంచుదురు. ఆ సంగతి ఆయనకు చెప్పగా, తుండుగుడ్డ దులిపి భుజముపై వేసికొని, తనకు కాలువ వంతు ఉన్నదని చెప్పి లేచి పోయెను.